గడ్డి కోసే బ్లేడుకు పదును ఎవరు పెడతారు?

ఈసారి పండుగ గురించి కాదు, వంట గురించి కాదు. ట్రాక్టరు వెనక గిర్రున తిరిగే ఇనప బ్లేడు గురించి రాస్తున్నాను. తెలుగు నేర్చుకునే చోట బ్లేడుతో ఏం పని అని మీరు అడగవచ్చు. కొంచెం ఓపిక పట్టండి. ఇందులో మా అయ్య ఉన్నాడు. అరవై దాటాక నాకు తిరిగి దొరికిన కొన్ని మాటలు కూడా ఉన్నాయి.

మొన్న ఒక ఆదివారం గుడిలో అన్నదానం అయిపోయాక నేను గిన్నెలు కడుగుతున్నాను. ఒక అబ్బాయి వచ్చి చెయ్యి కలిపాడు. మాట కలిస్తే తెలుగువాడే. ఊరు శ్రీకాకుళం జిల్లాలో నరసన్నపేట దగ్గర అన్నాడు. ఇక్కడ ఒక కాంట్రాక్టరు దగ్గర ట్రాక్టరు నడుపుతాడు. దాని వెనక రోటరీ కట్టర్ ఉంటుంది. గడ్డీ, చిన్న పొదలూ కోసే యంత్రం అది. స్లాషర్ అని కూడా అంటారు.

"బండి వారం నుంచి ఒకటే ఒణుకు, అంకుల్" అన్నాడు. "సూపర్‌వైజర్‌కి చెప్పాను. షేకింగ్, షేకింగ్ అన్నాను. ట్రాక్టరు అన్నాక షేకింగ్ ఉంటుంది పో అన్నాడు."

"ఎందుకు ఒణుకుతోందో నీకు తెలుసా?" అని అడిగాను.

"తెలుసు అంకుల్. రాయి తగిలి ఒక బ్లేడు విరిగితే అదొక్కటే కొత్తది వేశారు. రెండోది అరిగిపోయిన పాతది. జత తప్పింది."

జత తప్పింది. ఆ మాట వినగానే నా చేతిలో గిన్నె ఆగింది. మా అయ్య ఈ మాట అనేవాడు. నేను విని యాభై ఏళ్ళు అయి ఉంటుంది.

ఆ అబ్బాయికి రోగం తెలుసు, మందు కూడా తెలుసు. చెప్పడానికి ఇంగ్లీషు చాలలేదు. నాకు ఇంగ్లీషు ఉంది. కానీ బ్లేడు గురించి ఏమీ తెలియదు. ఆ రాత్రి కూర్చుని చదవడం మొదలుపెట్టాను. ఒక బ్లేడు కోసం మొదలుపెట్టి సింగపూర్ గడ్డి చరిత్ర దాకా వెళ్ళాను.

ముందు గడ్డి సంగతి

సింగపూర్ అంటే పచ్చటి తోట అని అందరూ అంటారు. నూట యాభై ఏళ్ళ కిందట ఈ దీవిలో పచ్చదనం చాలా చోట్ల వేరే రకం. దాని పేరు లాలాంగ్. ఇది మలయ్ మాట. నడుము ఎత్తు పెరిగే పదునైన గడ్డి.

ఈ గడ్డి అంతగా ఎలా వచ్చింది? పంతొమ్మిదో శతాబ్దంలో చైనా రైతులు ఇక్కడ అడవి కొట్టి గాంబియర్, మిరియాలు పండించారు. గాంబియర్ ఆకును ఉడికించి తోళ్ళు పదును చేయడానికి పనికొచ్చే సరుకు తీసేవారు. ఉడికించడానికి కట్టెలు కావాలి. కట్టెల కోసం చుట్టూ ఉన్న అడవి పోయింది. కొన్నేళ్ళకు నేలలో సారం పోయింది. రైతులు ఆ నేల వదిలి ఇంకో చోటికి, చివరికి జోహోర్‌కి వెళ్ళారు. వదిలేసిన నేల మీదికి లాలాంగ్ వచ్చింది. 1883లో బొటానిక్ గార్డెన్స్ అధికారి నథానియల్ కాంట్లీ ఇక్కడి అడవుల మీద ఒక నివేదిక రాశాడు. అడవి ఎంత పోయిందో ప్రభుత్వానికి అప్పుడు లెక్కగా తెలిసింది.

లాలాంగ్‌ను కోస్తే చావదు. నేల కింద తెల్లటి దుంపవేళ్ళు పాకుతూ ఉంటాయి. పైన కాలిస్తే కింద నుంచి మళ్ళీ లేస్తుంది. ఆకు అంచులో ఇసుకలో ఉండే సిలికా ఉంటుంది. అందుకే చెయ్యి తెగుతుంది, కత్తి త్వరగా మొండి అవుతుంది.

ఇక్కడ నాకు ఒక ఆశ్చర్యం ఎదురైంది. లాలాంగ్ శాస్త్రీయ నామం ఇంపెరాటా సిలిండ్రికా. దక్షిణ భారతంలో దర్భగా వాడే గడ్డి జాతుల్లో ఇది కూడా ఒకటి. గుడిలో హోమానికి దర్భ కట్టలు విప్పి సర్దేది నేనే. పూజలో మనం వేలికి పవిత్రంగా చుట్టుకునే గడ్డికీ, మా తాత చేతులు కోసిన గడ్డికీ ఇంత దగ్గర చుట్టరికం ఉందని నాకు ఇన్నేళ్ళూ తెలియదు.

చేతి కత్తి కాలం

1877లో రబ్బరు మొక్కలు సింగపూర్ బొటానిక్ గార్డెన్స్‌కు వచ్చాయి. 1888లో హెన్రీ రిడ్లీ ఆ తోటకు అధికారిగా వచ్చాడు. చెట్టును చంపకుండా పాలు తీసే పద్ధతిని ఆయన చేసి చూపించాడు. తరువాత మోటారు కార్లు వచ్చాయి. టైర్లకు రబ్బరు కావాలి. మలయా అంతా రబ్బరు తోటలు లేచాయి.

ఆ తోటలకు కూలీలు మన దేశం నుంచి వచ్చారు. ఎక్కువమంది తమిళులు. తెలుగువాళ్ళు విశాఖపట్నం, గంజాం, గోదావరి వంటి జిల్లాల నుంచి వచ్చారు. కంగాణీ అనే మేస్త్రీ సొంత ఊరికి వెళ్ళి, తెలిసినవాళ్ళను పోగుచేసి తీసుకువచ్చేవాడు. పెరాక్‌లో బగాన్ దాతో ప్రాంతపు కొబ్బరి తోటల్లో కూడా తెలుగువాళ్ళు స్థిరపడ్డారు. మా తాత అలాగే జోహోర్‌లో ఒక రబ్బరు తోటకు వచ్చాడు.

తోట అంటే చెట్టుకు గాటు పెట్టి పాలు తీయడమే అని మనం అనుకుంటాం. గడ్డి తీయడం అంతకన్నా తక్కువ పని కాదు. మొదట్లో దొరలు చెట్ల కింద ఒక్క గడ్డి పరక కూడా ఉండకూడదు అనేవారు. నేల నున్నగా కనిపించాలి. ఆ కలుపు పనిలో ఆడవాళ్ళు చాలామంది ఉండేవారు. మా నాయనమ్మ చంకోల్ పట్టుకుని వేళ్ళు తవ్వేది. చంకోల్ అంటే మన పార లాంటిదే, కానీ మన వైపుకు లాగి తవ్వుతాం. నేల నున్నగా ఉంటే వానకు మట్టి కొట్టుకుపోతుందని దొరలకు తరువాత తెలిసింది. అప్పుడు నేలను కప్పే తీగ మొక్కలు వేయించారు. లాలాంగ్ మీద సోడియం ఆర్సెనైట్ అనే విషం కూడా చల్లించారు.

1938లో తోటల్లో మగవాళ్ళ రోజు కూలి 50 సెంట్ల నుంచి 45 సెంట్లకు తగ్గింది. అదే ఏడు భారత ప్రభుత్వం మలయాకు కూలీలను పంపడం ఆపేసింది. మా తాత అప్పటికే ఇక్కడ ఉన్నాడు. ఇక్కడే ఉండిపోయాడు.

మా అయ్య జోహోర్ తోటలోనే పుట్టాడు. పెద్దయ్యాక కాజ్‌వే దాటి సింగపూర్ వచ్చి రోజు కూలికి గడ్డి కోసే పనిలో చేరాడు. మైదానాలు, రోడ్డు పక్కలు, కాలవ గట్లు ఆయన పని చోట్లు.

ఆ రోజుల్లో ఆయన కత్తి ఎలా ఉండేదో నాకు బాగా గుర్తు. పొడవాటి పిడి. కింద పలచటి ఇనప రేకు, కొన దగ్గర వంపు. రెండు చేతులతో పట్టుకుని తల పైనుంచి గుండ్రంగా తిప్పి గడ్డి మీదికి దించేవాడు. ఒక్క ఊపుకు చాప పరిచినంత నేల శుభ్రం అయ్యేది. నలుగురైదుగురు ఒకే వరసలో, ఒకరికొకరు దూరంగా నిలబడి కోసేవారు. ఆ కత్తుల చప్పుడు ఒక తాళంలో వినిపించేది.

చొక్కా జేబులో ఒక సానరాయి ఉండేది. చెట్టు నీడలో కూర్చుని, రాయి మీద నీళ్ళు చల్లి, కత్తి నూరేవాడు. బొటనవేలు అంచు మీద అడ్డంగా పెట్టి చూసేవాడు. "మొండి కత్తే మనిసిని కోస్తాదిరా" అనేవాడు. నాకు అప్పుడు అర్థం కాలేదు. మొండి కత్తి అయితే ఎక్కువ బలం పెట్టాలి. బలం పెడితే అదుపు తప్పుతుంది. అదుపు తప్పిన కత్తి గడ్డిని వదిలి కాలిని కోస్తుంది. మా అయ్య ఎడమ కాలి మీద ఒక పొడుగు మచ్చ ఉండేది. ఆయన దానిని "పాఠం" అనేవాడు.

ఇంట్లో ఆయన తెలుగు మాట్లాడేవాడు. నేను ఇంగ్లీషులో జవాబు చెప్పేవాడిని. బడిలో అన్నీ ఇంగ్లీషులోనే. తెలుగు చెప్పే బడి లేదు. నా స్నేహితులు అడిగితే మా నాన్న గవర్నమెంటు పని అని చెప్పేవాడిని. ఏం పని అని మళ్ళీ అడగకూడదని కోరుకునేవాడిని. ఇది రాయడం నాకు ఇష్టం లేదు. కానీ రాయకపోతే ఈ కథ సగమే.

కత్తి పోయి యంత్రం వచ్చింది

1967 మే నెలలో అప్పటి ప్రధాని లీ క్వాన్ యూ సింగపూర్‌ను తోట నగరం చేస్తామని ప్రకటించాడు. రోడ్ల పక్క చెట్లు వచ్చాయి. వాటి కింద కౌ గ్రాస్ అనే వెడల్పు ఆకుల పొట్టి గడ్డి పరిచారు. ఇక్కడ ఏడాది పొడుగునా వాన, ఏడాది పొడుగునా ఎండ. గడ్డికి సెలవు లేదు. కోసేవాళ్ళకు కూడా లేదు. తోట నగరం అనే మాటలో చెట్లు నాటినవాళ్ళు కనిపిస్తారు. నాటినదాన్ని ప్రతి నెలా కోసినవాళ్ళు అంతగా కనిపించరు.

చేతి కత్తితో ఇంత గడ్డి కోయడం కుదరదు. అప్పటికి ప్రపంచంలో యంత్రాలు సిద్ధంగా ఉన్నాయి. 1830లో ఇంగ్లండులో ఎడ్విన్ బడింగ్ గడ్డి కోసే తోపుడు యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. 1918లో అమెరికాలో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ తన ట్రాక్టరుకు వెనక వైపు తిరిగే ఇరుసు పెట్టింది. ఇంజను బలాన్ని వెనక తగిలించిన పనిముట్టుకు అందించే ఇరుసు అది. దానినే పీటీఓ అంటారు. పాత ఎద్దుల బండిలో ఇరుసు చక్రాన్ని మోసేది. ఇక్కడ ఇరుసే బలాన్ని మోస్తుంది. తరువాత ఆ ఇరుసు నిమిషానికి 540 చుట్లు తిరగాలని ఒక ప్రమాణం స్థిరపడింది. హ్యారీ ఫెర్గూసన్ పనిముట్టును మూడు చోట్ల పట్టుకుని ఎత్తే దించే ఏర్పాటు చేశాడు. 1951లో అమెరికాలోని అలబామా రాష్ట్రం సెల్మా ఊళ్ళో బుష్ హాగ్ అనే రోటరీ కట్టర్ పుట్టింది. పొదలను పంది తిన్నట్టు తింటుందని ఆ పేరు.

మన తెలుగు ఊళ్ళలో ట్రాక్టరు వెనక ఎక్కువగా కనిపించేది రోటవేటర్. రెండూ ఒకటి కాదు. రోటవేటర్ బ్లేడు నేలలోకి దిగి మట్టిని తిరగేస్తుంది. దాన్ని ఆస్ట్రేలియాకు చెందిన ఆర్థర్ క్లిఫర్డ్ హోవర్డ్ తయారుచేశాడు. రోటరీ కట్టర్ బ్లేడు మాత్రం నేలకు పైన, నేలకు సమాంతరంగా తిరుగుతుంది. దానికి మట్టి తగలకూడదు.

ఇరుకు చోట్లకు వీపున మోసే చిన్న మోటారు కత్తులు వచ్చాయి. 1971లో హ్యూస్టన్‌లో జార్జ్ బల్లాస్ బ్లేడు బదులు నైలాన్ దారంతో కోసే యంత్రం చేశాడు. ఈ రోజు మన బ్లాకుల కింద తెల్లవారేసరికి వినిపించే చప్పుడు అలాంటి యంత్రాలదే. ట్రాక్టర్లు పెద్ద మైదానాల్లో, ఇంకా ఏమీ కట్టని ఖాళీ భూముల్లో తిరుగుతాయి.

మా అయ్య చివరి రోజుల్లో యంత్రాలు వచ్చాయి. ఆయన సానరాయి ఇంటికి వచ్చేసింది. "ఇప్పుడు కత్తి ఒకడిది, నూరేది ఇంకొకడు" అన్నాడు. నేను విని వదిలేశాను. ఇప్పుడు చూస్తే ఈ చరిత్రలో అసలు మలుపు ఆ మాటలోనే ఉంది. చేతి కత్తి కాలంలో కోసేవాడే నూరేవాడు. కత్తి ఎలా ఉందో అతని చేతికే తెలుసు. యంత్రం వచ్చాక నడిపేవాడు ఒకడు, షెడ్డులో బ్లేడు మార్చేవాడు ఒకడు, మార్చాలా వద్దా అని తేల్చేవాడు మూడోవాడు. ఒణుకు మాత్రం నడిపేవాడి నడుముకే తెలుస్తుంది.

బ్లేడును ఎలా చూసుకోవాలి

ఆ అబ్బాయి కోసం నేను చదివి నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. ఎక్కడ వీలైతే అక్కడ మా అయ్య మాటలే వాడాను. అవి యంత్రానికి కూడా చక్కగా సరిపోయాయి.

మొదట బ్లేడు ఎలా ఉంటుందో చూడండి. యంత్రం కప్పు కింద మధ్యలో ఒక బలమైన ఇనప పట్టీ లేదా పళ్ళెం ఉంటుంది. దాని రెండు చివర్లలో రెండు బ్లేడులు ఒక్కొక్క లావు బోల్టు మీద వేలాడతాయి. బోల్టు గట్టిగా బిగిస్తారు, కానీ బ్లేడు మాత్రం దాని చుట్టూ స్వేచ్ఛగా తిరగాలి. రాయో మొద్దో తగిలితే బ్లేడు వెనక్కి మడుచుకుని దాటిపోతుంది. తుప్పు పట్టి బిగుసుకుపోతే ఆ దెబ్బ గేరుబాక్సుకు తగులుతుంది. సింగపూర్ తడి గాలిలో తుప్పు త్వరగా వస్తుంది. అందుకే పని అయ్యాక కప్పు కింద అంటుకున్న తడి గడ్డిని గీకి తీయాలి.

ఇక వేగం. బ్లేడు కొన తిరిగే వలయం ఒకటిన్నర మీటరు వెడల్పు అనుకోండి. నిమిషానికి 800 చుట్లు తిరిగితే ఆ కొన గంటకు 220 కిలోమీటర్లకు పైగా పరుగెడుతుంది. అందుకే దీని పదును మా అయ్య కత్తి పదును లాంటిది కాదు. చేతి కత్తికి వెంట్రుక తెగే పదును కావాలి, చేతికి అంత వేగం లేదు కాబట్టి. ట్రాక్టరు బ్లేడుకు వేగమే సగం పదును. అంచు మరీ పలచగా చేస్తే మొదటి రాయికే నొక్కు పడుతుంది. ఒకటి ఒకటిన్నర మిల్లీమీటరు మందం అంచులో ఉంచడం మంచిది. అలాగని పూర్తిగా మొండి అయితే గడ్డిని కోయదు, చీలుస్తుంది. డీజిలు ఎక్కువ తాగుతుంది.

పదును పెట్టేటప్పుడు కంపెనీ ఇచ్చిన వాలు మార్చకూడదు. గ్రైండరు ఒకే చోట ఆపితే ఉక్కు నీలం రంగుకు తిరుగుతుంది. అంటే వేడికి దాని గట్టితనం పోయింది. కొంచెం కొంచెంగా పట్టాలి, మధ్యలో చల్లారనివ్వాలి. లేదా ఆకురాయి వాడాలి. ఆకురాయి ఎంత మంచి మాటో చూడండి. పేరులో రాయి ఉంది, వస్తువు మాత్రం ఉక్కు.

అన్నిటికన్నా ముఖ్యం జత. రెండు బ్లేడులూ ఒకే బరువు ఉండాలి. ఒకదానికి పదును పెడితే రెండోదానికి కూడా అంతే పెట్టాలి. ఒకటి విరిగితే రెండూ మార్చాలి. బరువు తేడా కొద్దిగానే ఉన్నా ఆ వేగంలో అది ప్రతి చుట్టుకూ ఒక దెబ్బ. ఆ దెబ్బకు బేరింగులు అరుగుతాయి, బోల్టులు వదులవుతాయి. వదులైన బోల్టు నుంచి ఊడిన బ్లేడు ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. అందుకే ఒణుకును చిన్న విషయం అనకూడదు. వంగిన బ్లేడును సుత్తితో సరిచేయకూడదు, పగిలినదానికి వెల్డింగు పెట్టకూడదు. బోల్టు రంధ్రం గుండ్రంగా కాక కోడిగుడ్డులా సాగితే ఆ బ్లేడు పని అయిపోయినట్టే.

ఇరుసు దగ్గర చాలా యంత్రాల్లో ఒక షియర్ బోల్టు ఉంటుంది. పెద్ద దెబ్బ తగిలితే అది తెగుతుంది. తెగడమే దాని పని. మాటిమాటికీ తెగుతోందని కోపం వచ్చి గట్టి బోల్టు వేస్తే ఈసారి గేరుబాక్సు పగులుతుంది.

ఇవన్నీ చేసే ముందు చేయవలసింది ఒకటి ఉంది. పీటీఓ ఆపాలి. ఇంజను ఆపాలి. తాళం జేబులో వేసుకోవాలి. బ్లేడు పూర్తిగా ఆగేదాకా నిలబడాలి. యంత్రాన్ని హైడ్రాలిక్ మీద ఎత్తి వదిలేసి కిందికి దూరకూడదు. గట్టి దిమ్మలు కింద పెట్టాలి. నూనె గొట్టం తెగితే మనిషిని అడిగి తెగదు.

చివరికి ఏమైంది

ఈ విషయాలు ఇంగ్లీషులో ఒక కాగితం మీద రాసి ఆ అబ్బాయికి ఇచ్చాను. ఆరు వాక్యాలే. "ఒక బ్లేడు కొత్తది, ఒకటి పాతది, బరువు సమానంగా లేదు, అందువల్ల ఒణుకు, అందువల్ల ప్రమాదం" అని అందులో సారాంశం. అతనికి తెలియనిది నేను ఏమీ రాయలేదు. అతని మాటనే ఇంకో భాషలో పెట్టాను.

రెండు వారాల తరువాత గుడికి వచ్చాడు. "రెండూ మార్చారు అంకుల్. ఇప్పుడు బండి మీద టీ గ్లాసు పెట్టినా ఒలకదు" అన్నాడు. నేను అతనికి మా అయ్య సానరాయి చూపించాను. మధ్యలో లోతుగా అరిగి ఉంది. చేతిలో పట్టుకుని, బొటనవేలు ఆ గుంటలో పెట్టి చూశాడు. "ఎన్ని కత్తులు నూరుంటాడో" అన్నాడు.

నాతో పాటు తెలుగు నేర్చుకునే మీకు ఒక మాట. పదును అనే మాటకు ఊళ్ళలో ఇంకో అర్థం కూడా ఉంది. వాన పడ్డాక నేల దున్నడానికి సరిపడా తడిగా ఉంటే నేల పదునుగా ఉంది అంటారు. ఈ అర్థం కూడా ఆ అబ్బాయే నాకు చెప్పాడు. మా అయ్య తోటలో పుట్టినవాడు, సొంత నేల దున్నలేదు. ఆయన పదును ఒక్క కత్తిదే.

నేను ఇంతకాలం తెలుగు అంటే పద్యాలు, పూజలు అనుకున్నాను. అవి నేర్చుకోవాలి, నేను కూడా నేర్చుకుంటున్నాను. కానీ మన పెద్దలు ఈ దేశానికి మోసుకొచ్చిన తెలుగులో ఎక్కువ భాగం పని తెలుగు. నూరడం, సాన, మొండి, నొక్కు, జత. ఆ మాటలు అరిగిపోయినా విరిగిపోలేదు. ఈ రోజు కూడా ఒక ట్రాక్టరు ఎందుకు ఒణుకుతోందో అవి చెప్పగలవు. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే వాళ్ళు ఏ పనిముట్టు పట్టారో అడగండి. దాన్ని ఎలా చూసుకునేవారో కూడా అడగండి. నేను అడగవలసిన రోజుల్లో అడగలేదు.

సానరాయి ఇప్పుడు గుడి వంటింట్లో ఉంది. కూరగాయల కత్తులు దాని మీదే నూరుతున్నాను. ఉంటాను.